‘ఇదిగో జిల్లా’ కథా, ఇంకో మాటా

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ మేము క్షేమం. ఆ మాట రాసి కాసేపు కలం ఆపాను, ఎందుకో తర్వాత చెప్తాను. మీ ఓడలో వంట బాగుండడం లేదని రాశారు. మీరు వంకలు పెడుతున్నారంటే ఒంట్లో బాగున్నట్టే. అత్తయ్యగారికి మోకాలి నొప్పి తగ్గింది, కోపం తగ్గలేదు.

ఫొటోలో అమ్మాయి స్కౌట్ చొక్కా మీద ‘ఇదిగో జిల్లా’ అని ఉందేమిటని అడిగారు. ఏటికి ఇటుపక్క దళాలనీ అటుపక్క దళాలనీ కలిపి ఒకే స్కౌట్ జిల్లా చేశారు. పేరు దగ్గర రెండు పక్షాలూ కొట్టుకున్నంత పని చేశాయి. ఎలాగో ఒక పేరు తేల్చి, కాగితం మీద రాసి మన దర్జీగారికి ఇచ్చారు. జిల్లా కమిషనర్ ఆయనే. మర్నాడు పెద్దాఫీసు గుమాస్తా ఫోన్ చేసి, "జిల్లా పేరు చెప్పండి, రాసుకుంటా" అన్నాడు. ఈయనకి గుర్తుంటేగా! వంటింటి వైపు తిరిగి భార్యని కేకేశారు: "ఇదిగో! ఆ కాగితం ఎక్కడ పెట్టావ్?"

మీ మగాళ్లకి పెళ్లాం పేరు నోట రాదు కదా. లైను గరగరమంటుంటే గుమాస్తా ఆ మొదటి మాటే రాసుకుని ఫోన్ పెట్టేశాడు. నెల తిరక్కుండా బ్యాడ్జీలు కుట్టించి పంపేశారు. "ఊళ్లో పిల్లలంతా నన్ను చొక్కా మీద పెట్టుకు తిరుగుతున్నారు, ఈయన మాత్రం ఇప్పటికీ పేరు పెట్టి పిలవరు" అని దర్జీగారి భార్య ఒకటే నవ్వు. ఏ పక్షం పేరూ కాదు కాబట్టి గొడవా అణిగింది. ఎవరూ మార్చమనలేదు.

ఇదంతా ఎందుకు సాగదీస్తున్నానంటే, అసలు మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. అమ్మాయికి ఈత రాదు, ఏటి అవతల క్యాంపుకి పంపొద్దని మీరు గట్టిగా రాశారు. పంపనని నేనూ రాశాను. కానీ పంపాను. అది తిండి మానేసి కూర్చుంటే మనసు ఒప్పలేదు. నిన్నటి నుంచి కుంభవృష్టి. వంతెన మీదకి నీళ్లొచ్చాయట. క్యాంపు బస్సులు ఆగేది ఇక్కడే కాబట్టి పొద్దున్నుంచీ దర్జీగారి కొట్లోనే ఉన్నాను, ఈ ఉత్తరం ఆయన కత్తిరింపుల బల్ల మీదే రాస్తున్నాను. ఇందాక మొదటి బస్సు వచ్చింది. అందరూ దిగారు, మన పిల్ల దిగలేదు. డ్రైవరు దగ్గరికి పరిగెత్తాను.

"చిన్నవాళ్లని ముందు ఎక్కించి తను ఆగిందమ్మా. రెండో బస్సులో వస్తుంది" అన్నాడు డ్రైవరు.

"ఈలోగా వంతెన మూసేస్తే?" అన్నాను.



ఇక్కడిదాకా రాసి ఆపాను. ఇప్పుడు మళ్లీ రాస్తున్నాను. వచ్చింది! తలనుంచి కాళ్లదాకా బురద. కావిలించుకుందామని వెళ్లి చెంప ఛెళ్లుమనిపించాను. ఆ తర్వాత కావిలించుకున్నాను.

"వంతెన మీద చాలా భయమేసిందమ్మా" అంది. "నాన్నకి చెప్పకు. అక్కడ ఒక్కడే కూర్చుని భయపడతాడు."

సరేనన్నాను. కానీ పొద్దున్నుంచీ నేనూ ఒక్కదాన్నే భయపడ్డాను. ఇక నా వల్ల కాదండీ. సగం మీరు పడండి.

ఇట్లు,
ఇంకా వణుకు తగ్గని
మీ అర్ధాంగి