బండి మొత్తుకుంటే గేరు మార్చాలట

ఖమ్మం,
ఆదివారం సాయంత్రం.

ప్రేమగల అక్కయ్యకు,

చెల్లెలు రూతమ్మ ప్రభువు పేరిట చేతులు జోడించి రాస్తున్నది. నువ్వు, బావగారు, పిల్లలు అంతా క్షేమమేనా? అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? చలి మొదలైంది, తెల్లవారుజామున ఆమెను చన్నీళ్లు ముట్టనియ్యకు. నేను బాగానే ఉన్నాను. ఆ మాట ముందు చదువుకుని, తర్వాత మిగతాది చదువు.

మధిర వదిలి భద్రాచలం వైపు వచ్చినప్పటి నుంచి రాద్దామనే అనుకుంటున్నాను. అద్దె గది బాగానే ఉంది. వెనకంతా అడవి, పొద్దుగూకితే మనిషి అలికిడి ఉండదు. సంతలో చింతపండు అమ్మే కోయ ఆడవాళ్ల మాట నాకు రాదు, నా మాట వాళ్లకు సగమే తెలుస్తుంది. నవ్వుకుంటూ కొనుక్కుంటాను. ప్రార్థన మందిరం దూరం. ఆదివారాలు ఇంట్లోనే ఒక్కదాన్ని పాడుకుంటాను.

మీ మరిది ఇన్నేళ్లూ జీపే నడిపారు కదా. అక్కడ డ్రైవరుగా చేరిన కట్టె డిపో సారు దగ్గర ఉన్నది చిన్న కారు. "బండి మొత్తుకుందంటే గేరు మార్చు" అని ఆయనకు పని నేర్పిన ఉస్తాద్ చెప్పాడట. జీపుకు అది సరిపోయింది. పెద్ద ఇంజను, మెల్లగా తిరిగినా లాగేది. ఈ చిన్న కారు మెయిన్ రోడ్డెక్కి అరవైలో పోతే నాలుగో గేరులోనే గొంతెత్తుతుంది. మూడో గేరులో ఇక చెప్పక్కర్లేదు. ఆ చప్పుడు మీ మరిది తట్టుకోలేరు, వెంటనే పై గేరు వేసేస్తారు. ఒకసారి నన్నూ పాల్వంచ దాకా ఎక్కించుకున్నారు.

"ఏందయ్యా, అప్పుడే నాలుగేసినవ్? గుంజుతలేదు చూడు" అన్నారు సారు.

"మొత్తుకుంటుంది సారూ, పాపం."

"మొత్తుకోనియ్! చిన్న ఇంజను, జల్దీ జల్దీ తిరిగితెనే దానికి బలం. నువ్వేమో జోలపాడి పండబెడుతున్నవ్!"

ముగ్గురం నవ్వుకున్నాం.

మొన్న మంగళవారం కొత్తగూడెం దారిలో, ఎత్తు మీద, వెదురు లారీని దాటబోయారు. "మూడెయ్, మూడెయ్!" అని సారు వెనక నుంచి అరిచారట. మీ మరిది నాలుగులోనే ఉంచి తొక్కారు. కారు ముందుకు ఉరకలేదు, లారీ పక్కనే ఉండిపోయింది. ఎదురుగా బస్సు. రోడ్డు దింపి చెట్టుకు కొట్టారు. సారుకు చెయ్యి విరిగింది, ప్రాణానికి భయం లేదు. మీ మరిది ఎడమ పాదం పెడళ్ల మధ్య నలిగిపోయింది.

ఇక్కడ ఖమ్మం దవాఖానాలో బాగానే చూస్తున్నారు, అన్నం దొరుకుతోంది, దిగులు పడకు. కానీ అక్కా, పాదం నల్లబడింది. మోకాలి కింద తీసెయ్యకపోతే విషం పైకెక్కుతుందన్నారు. ఆయన ఒప్పుకోలేదు.

"ఎడమకాలు లేకుంటే క్లచ్ దేనితోని తొక్కాలె? ఇంట్ల కూసొని నీతోని పాటలు పాడాల్నా?"

"పాడండి. గొంతు బాగానే ఉంది గదా" అన్నాను.

గోడవైపు తిరిగారు. నిన్నటి నుంచి జ్వరంలో మనిషిని గుర్తుపట్టడం లేదు. ఈ పొద్దున డాక్టరు గారు నన్ను వరండాలోకి పిలిచి, "ఆయన వద్దన్నారు. మీరేమంటారమ్మా?" అని అడిగారు. ఆయన మాటకు నేను ఎన్నడూ ఎదురు చెప్పలేదు, నీకు తెలుసు. "తీసెయ్యండి" అన్నాను. డాక్టరు గారికి వినపడలేదు. "ఏమన్నారమ్మా?" అన్నారు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

రేపు పొద్దున తీస్తారు. ఈ ఉత్తరం నీకు అందేసరికి అయిపోయి ఉంటుంది. బావగారిని ఒకసారి పంపు, ఆయన మాటంటే మీ మరిదికి గౌరవం. వచ్చేటప్పుడు మందపు దుప్పటి ఒకటి పంపు. అమ్మకు మటుకు జ్వరమనే చెప్పు.

పెద్దలందరికీ నా వందనాలు. పిల్లలకు ముద్దులు. నీ చెయ్యి నా తల మీద ఉందనుకుని పడుకుంటాను. ఆయన కళ్లు తెరిచి దుప్పటి కింద చూసుకుని, ఎవరు ఒప్పుకున్నారని అడుగుతారు. డాక్టరు మీద పెట్టకుండా నేనేనని చెప్పే ధైర్యం ఇమ్మని నా కోసం ప్రార్థించు అక్కా.

నీ చెల్లెలు,
రూతమ్మ