మాత్ర తప్పా, గోడ తప్పా

ఏమోయ్,

చేతిలో ఒక ఆస్పిరిన్ పట్టీ, మనసులో ఒక అనుమానం పెట్టుకుని కిడ్నీ పరీక్షకి వెళ్తున్నాను. రంగుల షాపు తాళాలు ఫ్రిజ్ మీద ఉన్నాయి, తమ్ముడొస్తే ఇవ్వు. పరగడుపున రమ్మన్నారు కాబట్టి టిఫిన్ తినలేదని అలగకు.

గుండె కోసం రోజూ ఈ మాత్ర మింగుతున్నా నా నెత్తురుకి గడ్డకట్టే గుణం తగ్గలేదని మొన్న రక్తపరీక్షలో తేలింది కదా. నకిలీ సరుకు అంటగట్టాడని మందుల షాపతని మీద ఎగిరిపడ్డాను. అప్పుడు నువ్వేమన్నావు? "రంగు ఊడిపోయిందని మన షాపుకొచ్చే ప్రతివాడినీ ముందు గోడ చెమ్మగా ఉందేమో చూసుకోమంటారే, మరి మీ గోడ చూసుకున్నారా?" అన్నావు.

అది పట్టుకుని డాక్టరుకి ఫోన్ చేశాను. కిడ్నీలు బలహీనపడిన గుండె జబ్బువాళ్లలో కొందరికి ఆస్పిరిన్ అంతగా పనిచెయ్యదట. పోనీ రెండేసి మింగనా అంటే గట్టిగా కసిరాడు. గుండె మాత్రకీ కిడ్నీకీ ఏం చుట్టరికమండీ అని అడిగితే, "మాకూ పూర్తిగా తెలీదు" అన్నాడు. తెలీదని ఒప్పుకునేవాడి దగ్గరే సరుకు కొనమనేవాడు మా నాన్న. భయంగానే ఉంది, కానీ ఆ చుట్టరికమేమిటో తెలుసుకోవాలని అంతకంటే ఎక్కువగా ఉంది.

వచ్చేటప్పుడు మందుల షాపతనికి తప్పయిందని చెప్పి వస్తాను. నవ్వకు.

అన్నట్టు, నా మాట ఒక్కటీ చెవిన పెట్టవని ఊరంతా చెప్పుకు తిరిగాను. షాపులో నేను వాగేదంతా వింటూనే ఉన్నావన్నమాట. రిపోర్టు ఎలా వచ్చినా, ఈ లెక్కలో నాకు మిగిలింది అదే.