పొగకు ధర కట్టిన సభ

చిత్తూరు

చిరంజీవి గుణశేఖర్‌ను అమ్మ మనసారా దీవించి రాస్తున్నది. నేనూ మీ నాయనా ఇక్కడ చల్లగా ఉన్నాం. పుణెలో నీ దగ్గు కూడా తగ్గిందని తెలిస్తే ఇంకా నిమ్మళంగా ఉంటాం.

ఫోన్లో రాజకీయం ఎత్తితే ఇద్దరికీ గొంతు లేస్తుందనే కదా ఉత్తరాలకు దిగాం. ఈసారి మాత్రం ఫోన్ చేసి చెప్పేద్దామని నాలుగుసార్లు చేతిలోకి తీసుకున్నాను. నువ్వు మధ్యలో అడ్డొస్తావని ఆగిపోయాను.

ముందు నువ్వడిగినవి. నాయన మణికట్టు అతుక్కుంది. పుత్తూరు కట్టు విప్పగానే స్కూటర్ తాళం ఎక్కడని అడిగారు, నేను దాచేశాను. మన ఫ్యాక్టరీలో గుజ్జు పని జోరుగా ఉంది. బాయిలర్‌లో బొగ్గు బాగా తగ్గించి, ఎండిన మామిడి టెంకలే వేస్తున్నాం.

ఇక నీ మూడో ప్రశ్న. "పన్ను పేరెత్తితే భగ్గుమనే మీ పార్టీవాళ్లు వాతావరణం గురించి ఏనాటికైనా మాట్లాడతారా" అని వెక్కిరించావు. మాట్లాడారు శేఖరా. తీర్మానమే చేశారు.

పర్యావరణం అంటే ఇన్నేళ్లూ నాకు గుర్తొచ్చేది జీపు దిగి ఫ్యాక్టరీ గేటు తట్టే ఆఫీసరే. నీ ఉత్తరంలో ఆ జీపు లేదు. బొగ్గు, డీజిల్ కాల్చే పొగకు ఒక ధర పెట్టి, ఎలా తగ్గించుకోవాలో ఎవరి తెలివికి వాళ్లను వదిలేయమన్నావు. చదివి, ఇది మనవాళ్లు అనాల్సిన మాట కదా అనుకున్నాను. రాష్ట్ర కమిటీకి పంపే కోరికలు ఖాయం చేయడానికి జిల్లా సమావేశం పెట్టినప్పుడు లేచి చెప్పాను.

మొదట అడ్డుపడింది ఢిల్లీబాబే. గుజ్జు ఫ్యాక్టరీల సంఘం అధ్యక్షుడు, పార్టీలో నాతోపాటు తిరిగినవాడు.

"పంకజక్కా, ఇది ఎర్రజెండావోళ్ల మాట. నీ నోట్లోకి యాడ నుంచి వచ్చినాది?"

"వాళ్లు మూసేయమంటారు ఢిల్లీబాబూ. ధర అనేది మన మాట. ఎక్కువ కాల్చినోడు కట్టల్ల, తగ్గించినోడు తీసుకోవల్ల. ఇందులో ఎర్రజెండా యాడుండాది?"

"నీకు లాభం గాబట్టి చెప్తాండావు."

"అవును, లాభమే. లాభం లేని పని మనం ఎప్పుడు చేసినాం?"

హాలంతా నవ్వింది. ఢిల్లీబాబు నవ్వలేదు. "సర్కారు చేతికి పోయిన దుడ్డు తిరిగొస్తాదా? దానికి నువ్వు పూచీనా?" అన్నాడు. అక్కడిదాకా నేను ఆలోచించుకుని రాలేదు. కూర్చుందామనుకుంటుండగా ముందు వరసలోంచి వెంకటమునన్న లేచాడు. పార్టీలో అందరికన్నా పెద్దవాడు, రోజూ పూజ కాకుండా గడప దాటని మనిషి, పెద్ద మామిడి రైతు.

"పోయినేడు పూత ఎండకు మాడిపోయినాది. ఈయేడు పిందె రాలిపోయినాది. నా తోటను నా మనవడికి ఇట్లే ఇయ్యల్లంటే ఏదో ఒకటి చెయ్యల్ల. కానీ సర్కారుకు ఇయ్యమంటే నేనొప్పను. వసూలైందంతా ఇంటింటికీ తిరిగిచ్చేయమని రాయండి, నేను చెయ్యెత్తుతా."

అలాగే రాశారు. ఆయన చెయ్యి లేచింది, దాని వెనకాలే సగానికి పైగా లేచాయి. ఢిల్లీబాబు మాత్రం కట్టుకున్న చేతులు విప్పలేదు. నేను సంతోషం పట్టలేక, పక్కన కూర్చున్న మన వార్డు కార్యకర్త కోమలి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

ఇప్పటిదాకా చెప్పనిది ఒకటుంది. మున్సిపల్ ఎన్నికల్లో ఈసారి నాకు సీటు ఖాయమని నీకు రాశాను. అది పోయింది. ఈ మాట ఎత్తితే ఫ్యాక్టరీలవాళ్లు నా వెంట ఉండరని సభకు ముందే ఢిల్లీబాబు హెచ్చరించాడు. తెలిసే లేచాను. సీటు కోమలికి ఇచ్చారు. మీ నాయన ఒక పూట అన్నం మానేశారు. నాకు కూడా ఏడుపొచ్చింది, ఎందుకు దాచాలి. పదిహేనేళ్లు ఈ వీధులు తిరిగాను. కానీ ఆ లేచిన చేతులు తలుచుకుంటే, సీటొచ్చి నోరు మూసుకుని కూర్చోవడం నావల్ల అయ్యేది కాదనిపిస్తోంది.

వచ్చే వారం విజయవాడలో రాష్ట్ర కమిటీ ముందు నన్ను మాట్లాడమన్నారు. నువ్వు రావద్దు. నిన్ను పక్కన చూస్తే కొడుకు నేర్పిన పాఠం అప్పజెబుతోంది అంటారు. ఆ వెంకటమునన్న షరతు అమలయ్యే దారి మాత్రం నాకు బాగా వివరించి రాయి. అక్కడా అదే అడుగుతారు.

నిన్న ఢిల్లీబాబు ఇంటికొచ్చాడు. కాఫీ తాగి, చాలాసేపు నసిగి, "అక్కా, నేనూ వస్తాండా విజయవాడకు, నీకు ఎదురు మాట్లాడేదానికే. కార్లో చోటుండాదా?" అన్నాడు.

ఉంది రమ్మన్నాను. దారంతా నా పక్కనే కూర్చోవాలి పాపం.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ,
పంకజాక్షి