కమాను దించేశాను

అమ్మా, నేను కులాసా. నీకు జ్వరమనీ, అయినా వంట నువ్వే చేస్తున్నావనీ తమ్ముడి ఉత్తరం చూసి ఒళ్ళు మండిపోయింది.

నిన్న ఇక్కడా అలాగే మండింది. డాన్సు హాల్లో నలుగురం వాయిస్తున్నాం. మిగతా ముగ్గురివీ వయొలిన్లు, నాది చెల్లో, అదే, వయొలిన్‌కి పెద్దక్కలాంటి వాయిద్యం. మేనేజరు వచ్చి, "పాట వాళ్ళు వాయిస్తున్నారుగా, మూలన కూర్చుని గుర్రుమనే ఆ పెద్ద డబ్బా దేనికి?" అన్నాడు. పాట మధ్యలో కమాను దించేసి చేతులు కట్టుకు కూర్చున్నాను. వయొలిన్లు మోగుతూనే ఉన్నాయి, కానీ పాటకి కాళ్ళ కింద నేల జారిపోయింది. తాళం అందక జంటలన్నీ తడబడ్డాయి. ఒకాయన భార్య కాలు తొక్కేశాడు. మేనేజరు పరుగున వచ్చి, "తల్లీ, నీకు దణ్ణం పెడతా, వాయించు!" అన్నాడు.

నా పాత దుప్పటి పంపు. కప్పుకోవడానికి కాదు, చెల్లోకి చుట్టడానికి. పక్కింటి పిన్నికి మోకాలి నొప్పి తగ్గిందా?

ఈ కార్డు నీకంటే ముందు నాన్న చదువుతారని తెలుసు. చదవనీ.

నాన్నా, నమస్కారం. రేపట్నుంచి అమ్మ గరిటె దించేస్తుంది. మీరూ తమ్ముడూ అడుగులు చూసుకుని వేయండి.

మీ పెద్దది