నల్లబడని ఆయిల్

తార్నాక, 1968. ఆదివారం రాత్రి.

అన్న పోయాక స్కూటర్‌కు ఆయిల్ మార్పించడం ఇది రెండోసారి. వదినె మర్చిపోదు. "ఆయిల్ మారుస్తుంటే బండి ఇరవయ్యేండ్లు నడుస్తది" అని అన్న ఎప్పుడూ అనే మాట ఆమెకు వేదం. ఆయిల్ మార్పించడానికి తప్ప ఆ బండి వరండా దిగదు. నేను యూనివర్సిటీకి నడిచే పోతున్నాను. ఆ సీటు మీద కూర్చోలేను.

ఈ రోజూ మెకానిక్ దగ్గరికి నెట్టుకుంటూనే పోయాను. పాత ఆయిల్ రేకు డబ్బాలోకి దించి, అతను తలెత్తి చూశాడు.

"ఏంది సార్, పోసింది పోసినట్టే ఉన్నది. బండి నడుపుతలేరా? గిది పారబోసుడెందుకు?"

"మార్చవయ్యా!" అని కసిరాను. పాపం, అతని తప్పేముంది.

ఇంటికొచ్చేసరికి వదినె గేటు దగ్గరే ఉంది. అన్నను అడిగినట్టే అడిగింది.

"ఆయిల్ బాగ నల్లగొచ్చిందా?"

"ఆ, వదినె. మస్తు నల్లగ."

"రాదా మరి! మీ అన్న ఒక్కకాడ ఉంటడా? రోజంతా తిరుగుడే," అని నవ్వింది.

తర్వాత అన్నకు తెచ్చినట్టే చెంబుతో నీళ్లు, సబ్బుముక్క తెచ్చింది. తను పోస్తుంటే, మరకే లేని చేతులను చాలాసేపు రుద్దుకున్నాను. కిందికి పోయే నీళ్లు తేటగానే ఉన్నాయి.

ఆమె అటు చూడలేదు.