మిషన్‌కు తీసిన దిష్టి

నానమ్మా,

నువ్వు పోయాక జరిగిన విశేషం విన్నవించుకుంటున్నాను. కామాటిపురలో మనముండే చాల్ కింది వర్క్‌షాప్‌కు లోహాన్ని కోసే కొత్త మిల్లింగ్ మిషన్ వచ్చింది. కంప్యూటర్‌తో నడిచే ఆ మహారాజుకు సెట్టింగ్ చేసే భాగ్యం ఇవాళ నీ మనుమడికే దక్కింది. కొలతలు మొదలయ్యే సున్నా తప్పు చోట పెడితే కట్టర్‌తో పాటు నా కొలువూ విరిగేది. అందుకని లోహం తగలకుండా ముందు ప్రోగ్రామంతా గాలిలోనే నడిపించాను.

వెనక నుంచి వర్క్‌షాప్ యజమాని సేఠ్, "ఏంరా, గాలిని కోస్తున్నవా? పగార్ గూడ గాలిలనే ఇయ్యాల్నా?" అన్నాడు.

"జర ఆగుర్రి సేఠ్, దానికి తొవ్వ సూపిస్తున్న," అన్నాను.

మొదటి పీసు కొలతకు సరిగ్గా వచ్చింది. సేఠ్ మురిసిపోయి కొబ్బరికాయతో మిషన్‌కు దిష్టి తీశాడు. నువ్వుంటే ముందు నాకు తీసేదానివి. ఆయన కాయ తిప్పుతున్నంతసేపూ, ఆ చుట్టులో నేనూ పడేలా, మిషన్‌కు ఆనుకుని నిలబడ్డాను.