మూత తీయని గొట్టం

గురువారం రాత్రి, మసీరా ద్వీపం

ఇక్కడి మహిళా రైతు ఉమ్ సాలిం తోటలో మా కంపెనీ కట్టిన వాననీటి ట్యాంకు ఈ రోజు నిండుగా కనిపించింది. దీనికి డబ్బిచ్చిన సంస్థవాళ్లు రేపు చూడటానికి వస్తున్నారు. వాన ఎప్పుడు పడిందని ఫోర్‌మన్ మల్లేశన్నను అడిగాను.

"రాత్రే పడ్డది మేడం. మీరు బుక్కు మొఖమ్మీద ఏస్కొని పండుకున్నరు, ఎట్లెర్కైతది?" అని నవ్వాడు.

కానీ ఇంటి కప్పు నుంచి ట్యాంకులోకి దిగే గొట్టానికి, దుమ్ము పడకుండా బిగించిన ప్లాస్టిక్ మూత ఇంకా తీయనే లేదు. ట్యాంకర్ తెప్పించి నింపారేమో. భోజనాల దగ్గర ఇంజనీరు గారు కూడా వాన బాగా పడిందన్నారు. ఆయన మస్కట్ నుంచి వచ్చింది ఈ సాయంత్రమే.

పాపం ఉమ్ సాలిం ఇక నీటికి కొదవ లేదని నమ్మి నిమ్మ మొక్కలు తెప్పించుకుంది. ఈ నీళ్లు అయిపోతే అవి ఎండిపోతాయి. ఇప్పుడే నాటొద్దని పొద్దున్నే వెళ్లి చెప్పాలి. ఎందుకని ఆమె అడిగినప్పుడు మల్లేశన్న పక్కనే ఉంటే, ఇది వాననీరు కాదని ఎలా చెప్పను...